శుక్రవారాలు ఆగిపోయే మిషన్

కుట్టుమిషన్ల రిపేరులో నా జుట్టు నెరిసిందని తెలిసిన కొత్త కుర్రాళ్ళు అందరూ ఒకే ప్రశ్న వేస్తారు. పాత మిషన్ మంచిదా, కంప్యూటర్ మిషన్ మంచిదా అని. పూర్వం ఈ ప్రశ్నకి నా దగ్గర పెద్ద ఉపన్యాసం ఉండేది. ఇప్పుడు లేదు. పాతది కుడుతుంది, కొత్తది కుడుతూ మాట్లాడుతుంది, అంతే తేడా అంటాను. వాళ్ళు నవ్వేసి ఊరుకుంటారు. నేను నవ్వులాటకి అనడం లేదు. మాట్లాడే వస్తువుతో వచ్చే చిక్కేమిటో గుణదలలో ఒక బొటిక్‌లో కళ్ళారా చూశాను. మీరూ ఇదే పనిలోకి వచ్చారు కాబట్టి చెబుతాను. పేర్లు మాత్రం అడగొద్దు. అందరూ ఈ ఊళ్ళోనే ఉన్నారు, ఎప్పుడో ఒకప్పుడు రోడ్డు మీద ఎదురుపడతారు.

నేను పని నేర్చుకున్నది నల్ల మిషన్ల మీద. కాలితో తొక్కితే తోలు బెల్టు తిరిగి, బెల్టుతో చక్రం తిరిగి, సూది లేచి పడే మిషన్లు. వాటిలో దాపరికం ఉండదు. ఏ భాగం దేన్ని కదుపుతోందో కంటికి కనపడుతుంది, ఏది అరిగిందో చెవికి వినపడుతుంది. నాకు పని నేర్పిన పెద్దాయన వన్ టౌన్‌లో చిన్న కొట్టు నడిపేవారు. ఆయన నా చేతికి మొదట ఇచ్చింది స్క్రూడ్రైవర్ కాదు, పాత పంచె చింపిన గుడ్డ.

"ముందు తుడువు, తర్వాత చూడు. మురికి మిషన్‌లో సవాలక్ష రోగాలు కనపడతాయిరా. తుడిచాక మిగిలేదే అసలు రోగం" అనేవారు.

ఆ మాట నేను ఉద్యోగమంతా తప్పలేదు. ఎంత తొందర పని మీద వెళ్ళినా ముందు గుడ్డ తీసి తుడిచేవాణ్ణి, బ్రష్షు కొట్టేవాణ్ణి, నోటితో ఉఫ్ మని ఊదేవాణ్ణి. ఆ తర్వాతే మూత విప్పేవాణ్ణి. చాలాసార్లు మూత విప్పే అవసరమే ఉండేది కాదు. సగం మిషన్లు తుడిచేసరికే నడిచేవి. ఇంటివాళ్ళు నా చేతిలో ఏదో మహత్తు ఉందనుకునేవారు. నేనూ కాదనేవాణ్ణి కాదు.

తుడవడానికి పని కూడా బాగానే ఉండేది. మన కృష్ణా జిల్లాలో బొట్టు లేని కుట్టుమిషన్ నేను చూడలేదు. శుక్రవారానికి పసుపూ కుంకుమా, దసరాకి బంతిపూల దండ, కొబ్బరినీళ్ళ చెమ్మ, అగరుబత్తి బూడిద. అన్నం పెట్టే వస్తువుకి బొట్టు పెట్టకుండా ఎవరుంటారు? నల్ల మిషన్‌కి వీటివల్ల ఏమీ అయ్యేది కాదు. ఇనుము, దాని మీద వార్నిష్. ఏళ్ళ తరబడి పేరుకున్న కుంకుమని గీకితే కింద బంగారు రంగు లతలూ పువ్వులూ మొదటిరోజు ఉన్నట్టే కనపడేవి. అంచేత బొట్టు నా కంటికి ఆనడం ఎప్పుడో మానేసింది. రోజూ దాటే గడపని చూస్తామా?

తర్వాత గవర్నర్‌పేటలో ఒక పెద్ద షోరూంలో సర్వీసు మెకానిక్‌గా చేరాను. రిటైరవడానికి కొన్నేళ్ళ ముందు అక్కడికి కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్లు వచ్చాయి. డిజైన్ పెన్‌డ్రైవ్‌లో పెట్టి బటన్ నొక్కితే, వరసగా ఉన్న సూదుల్లో దేని రంగు కావాలో అదే ఎంచుకుని, జాకెట్టు చేతుల నిండా పువ్వులు కుట్టేసే మిషన్లు. నాకూ ట్రైనింగ్ ఇచ్చారు. నేర్చుకున్నాను గానీ కొత్తకోడలు అత్తారింట్లో తిరిగినట్టు తిరిగేవాణ్ణి. నాతోపాటు ఎలక్ట్రానిక్స్ చదివిన ఒక ఇంజనీరు ఉండేవాడు. నా కొడుకు వయసు. బోర్డులూ వైర్లూ అతనివి, సూదులూ షటిళ్ళూ నావి అని పంచుకున్నాం. నన్ను గురువు గారూ అనేవాడు. మొదట్లో వెక్కిరింపేమో అనుకున్నాను, కాదని తర్వాత తెలిసింది.

ఇక గుణదల సంగతి. ఆ బొటిక్ ఆవిడది చల్లపల్లి పక్క పల్లెటూరు, వ్యవసాయం మీద బతికిన కుటుంబం. వాళ్ళమ్మ ఆ చుట్టుపక్కల ఆడవాళ్ళకి జాకెట్లు కుట్టి నాలుగు రాళ్ళు వెనకేసిన మనిషి. ఆ అమ్మ నల్ల మిషన్‌ని ఈవిడ బెజవాడ తెచ్చుకుని, బొటిక్ వెనక గదిలో కిటికీ పక్కన పెట్టుకుంది. గట్టి మనిషి. మాట కటువే గానీ మనసు మంచిది. నన్ను బాబాయ్ గారూ అని పిలిచేది. వెళ్ళగానే చల్లటి మజ్జిగ ఇచ్చేది, ఇచ్చాకే తిట్టేది.

ఆ వెనక గదిలోనే మగ్గం మాస్టారు కూర్చునేవారు. కర్రల చట్రానికి గుడ్డని బిగువుగా కట్టి, కొక్కెం సూదితో జరీ, పూసలు, కుందన్లు కుట్టే పనిని మనవాళ్ళు మగ్గం వర్క్ అంటారు కదా, ఆ పనిలో చెయ్యి తిరిగిన మనిషి. వన్ టౌన్ ముస్లిం కుటుంబం, తాతల నాటి నుంచీ అదే వృత్తి. బొటిక్ తెరిచిన రోజు నుంచీ ఆయనే. ఆవిడకి ఈ వూళ్ళో పేరు వచ్చిందంటే సగం ఆయన చేతి చలవే, ఆ సంగతి ఆవిడే అందరికీ చెప్పేది. తక్కువ మాట్లాడేవారు. మాట్లాడితే ఆయన కుట్టులాగే పొందిగ్గా ఉండేది.

ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు, బేరాలుండవు. ఆ తీరికలో ఆవిడ మా షోరూంలో కంప్యూటర్ మిషన్ కొంది. నేనే వెళ్ళి బిగించాను. మాస్టారు లేచి వచ్చి దాని చుట్టూ ఒకసారి తిరిగి చూశారు. మిషన్ ఒక లత కుట్టి చూపించింది. ఆయన వేలితో ఆ కుట్టు తడిమి, "దారం పని బాగానే చేస్తుంది. పూస కుట్టదు కదా?" అని అడిగారు.

"కుట్టదు మాస్టారూ."

"అయితే ఇద్దరికీ చోటుంది లెండి" అని వెళ్ళి మగ్గం ముందు కూర్చున్నారు. ఆ మాటలో నాకు అసూయ ఏమీ వినపడలేదు. కానీ ముందు గదిలో కుట్టే అమ్మాయిలు వేరేగా విన్నారు. మాస్టారి పని గంటల్లో చేసే మిషన్ వచ్చింది, పాపం ఆయన కడుపు మండదా అని గుసగుసలు. అవి ఆవిడ చెవిన పడ్డాయి.

శ్రావణం వచ్చింది. పెళ్ళిళ్ళు మొదలయ్యాయి. మొదటి శుక్రవారం మిషన్ ఆగింది.

నన్ను పిలిచింది శనివారం పొద్దున. వెళ్ళి అలవాటు ప్రకారం శుభ్రంగా తుడిచి, దారాలు దిగే సందుల్లో బ్రష్షు కొట్టి, ఊది, స్విచ్ వేశాను. మిషన్ జోరుగా నడిచింది. ఏమయిందమ్మా అని అడిగితే, తెర మీద దారం తెగింది అని వచ్చిందంది. చూస్తే దారం తెగలేదు. మళ్ళీ బటన్ నొక్కితే నాలుగు కుట్లు కుట్టి మళ్ళీ అదే మాట అందట. కొత్త మిషన్, కొంచెం సర్దుకోవాలి అన్నాను. మజ్జిగ తాగి వచ్చేశాను.

రెండో శుక్రవారం ఆగింది. శనివారం వెళ్ళాను. తుడిచాను. నడిచింది. ఈసారి మా ఇంజనీరు కూడా వచ్చి బోర్డు మార్చాడు. గుణదల కరెంటు ఎక్కువ తక్కువలవుతోందేమోనని మా మేనేజర్ ఆవిడకి ఒక స్టెబిలైజర్ కూడా అంటగట్టాడు. అది ఆ తర్వాత మా వారంటీ కాగితాల కన్నా బాగా పనికొచ్చింది, ఆవిడ దాని మీద దారపు డబ్బాలు పెట్టుకునేది.

మూడో శుక్రవారం కూడా ఆగింది. శనివారం వెళ్ళేసరికి ఆవిడ మజ్జిగ ఇవ్వలేదు. మాస్టారు ఇంకా రాలేదు. తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించి అడిగింది.

"బాబాయ్ గారూ, నిజం చెప్పండి. మిషన్‌లో ఏదైనా లోపం ఉందా?"

"మాకు కనపడినంతలో లేదమ్మా."

"మరి లోపం లేని మిషన్ శుక్రవారమే ఎందుకాగుతుందండీ? సోమవారం ఆగదు, మంగళవారం ఆగదు. శుక్రవారం నేను పూజ చేసుకుని మంగళగిరి వెళ్తాను. చీరలూ జాకెట్టు ముక్కలూ శుక్రవారం తెస్తే కలిసొస్తుందని నా నమ్మకం. నేనలా వెళ్తానో లేదో ఇది ఆగిపోతుంది. అప్పుడు ఈ గదిలో ఉండేది ఎవరండీ? మాస్టారు ఒక్కరే. నేనొచ్చేసరికి ఆయన నమాజుకి వెళ్ళిపోయి ఉంటారు. ఇది దారం తెగిందని అరుస్తూ ఉంటుంది."

"దారం తెగలేదన్నావు కదమ్మా."

"తెంపి మళ్ళీ ఎక్కించాడేమో! లోపల ఏది కదిపాడో! మనుషులు అబద్ధమాడతారు గానీ మిషన్ అబద్ధమాడదు కదండీ."

మాస్టారు గారు అని పిలిచే మనిషి నోట్లో తెంపాడు, కదిపాడు అని వచ్చేసరికి నేను గతుక్కుమన్నాను. అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు పెద్దలు. ఆవిడ చెప్పడం ఆపలేదు. వచ్చేవారం ఒక పెళ్ళికూతురి జాకెట్టు ఇవ్వాలి, తెలిసినవాళ్ళు, మాట పోతే ఇక తలెత్తుకోలేదు. వచ్చే శుక్రవారం కూడా మిషన్ ఆగితే మాస్టార్ని రావద్దని చెప్పేస్తుంది. ఊరికే చెప్పదు, బొటిక్‌లవాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెడుతుంది. ఇంకొకరు మోసపోకూడదు కదా అంది.

ఆ గ్రూపు సంగతి నాకు తెలుసు. బెజవాడలో మగ్గం పని ఇచ్చేవాళ్ళందరూ అందులో ఉన్నారు. అందులో ఒక్కసారి పేరు చెడితే మాస్టారి చేతికి ఈ ఊళ్ళో ఎవరూ గుడ్డ ఇవ్వరు. జీవితమంతా కుట్టి సంపాదించుకున్న పేరు, ఆవిడ బొటనవేలి ఒక్క నొక్కుకి పోతుంది. ఆ ముక్క అంటే, "నిప్పు లేనిదే పొగ రాదు బాబాయ్ గారూ" అంది.

మెట్లు దిగుతుంటే మాస్టారు మోపెడ్ ఆపుతూ ఎదురయ్యారు. "మళ్ళీ ఆగిందా?" అని అడిగి, నా మొహం చూసి, సమాధానం కోసం ఆగకుండా లోపలికి వెళ్ళిపోయారు. ఆయనకి తెలుసు. ఒకే గదిలో కూర్చునే మనిషికి తెలియకుండా ఉంటుందా?

షోరూంకి వచ్చి చెబితే మేనేజర్, "వాళ్ళూ వాళ్ళూ చూసుకుంటారు, మనకెందుకండీ? కస్టమర్ వాడకంలో తేడా అని రాసి ఫైలు మూసెయ్యండి" అన్నాడు. ఇంజనీరు మాత్రం టీ కప్పు పట్టుకుని వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"గురువు గారూ, దారం తెగిందని దానికి ఎలా తెలుస్తుందో గుర్తుందా? దారం లాగుతుంటే ఒక చిన్న పళ్ళ చక్రం తిరుగుతుంది. ఆ తిరగడాన్ని పక్కన ఒక కన్ను చూస్తుంటుంది. చక్రం తిరగడం కనపడకపోతే దారం తెగిందనుకుంటుంది. ఆ కంటికి ఏదైనా అడ్డం వస్తోందేమో."

"అడ్డమేమీ లేదయ్యా. మూడుసార్లూ నేనే చూశాను. అద్దంలా ఉంది."

"ఎప్పుడు చూశారు?"

"తుడిచాక."

అతను కప్పు కింద పెట్టాడు. "తుడిచాక చూస్తే ఏం కనపడుతుందండీ? తుడవకముందు చూడండి ఒకసారి."

ముప్పై ఏళ్ళ పైబడిన సర్వీసులో ఆ మాట నాకెవరూ చెప్పలేదు. చెప్పినా వినేవాణ్ణో లేదో. ఆ రోజు మాత్రం విన్నాను. కోపం కూడా వచ్చింది, అది వేరే సంగతి.

నాలుగో శుక్రవారం పిలవకుండానే పెందలాడే వెళ్ళాను. గుణదల కొండ మీద చర్చికి వెళ్ళేవాళ్ళ ఆటోల్లో ఒకటి పట్టుకుని బొటిక్ దగ్గర దిగాను. ఆవిడ తలస్నానం చేసి, తడి జుట్టు ముడేసుకుని పూజలో ఉంది. నన్ను చూసి ఆశ్చర్యపోయింది, సంతోషించింది కూడా. మాస్టార్ని కళ్ళెదుటే పట్టుకుంటాననుకుని ఉంటుంది. నేను గదిలో ఒక మూల స్టూలు వేసుకుని కూర్చున్నాను. గుడ్డ జేబులోనే ఉంచుకున్నాను.

ఆవిడ దేవుడి దగ్గర నుంచి పళ్ళెం తెచ్చింది. ముందు వాళ్ళమ్మ నల్ల మిషన్‌కి పసుపు రాసి బొట్టు పెట్టింది. కత్తెరకి పెట్టింది. మాస్టారి మగ్గం దగ్గరికి వచ్చి ఆగింది. మాస్టారు ఎప్పటిలాగే పూసల పళ్ళేలు పక్కకి జరిపి చోటిచ్చారు. ఆ కర్రకీ ఒక బొట్టు పెట్టింది. ఆయన మొహంలోకి మాత్రం చూడలేదు. తర్వాత కంప్యూటర్ మిషన్ దగ్గరికి వెళ్ళింది. కొత్త వస్తువు, పైగా లక్షలు పోసింది, శ్రావణ శుక్రవారం. దానికి కొంచెం ఎక్కువే చేసింది. సూదుల వరుసకి పైన, సరిగ్గా నడిమధ్యన, గంధంలా చిక్కగా కలిపిన పసుపు మందంగా రాసి, దాని మీద రూపాయి బిళ్ళంత కుంకుమ అద్దింది. దణ్ణం పెట్టుకుంది. పెళ్ళికూతురి జాకెట్టు బిగించి, మధ్య సూది బంగారు దారంతో పని మొదలుపెట్టించి, నా వైపు ఒక చూపు చూసి మంగళగిరి బయల్దేరింది.

నేను ఇదంతా చూశాను. చూసినా నాకేమీ తట్టలేదు. చెప్పాను కదా, గడపని ఎవరు చూస్తారు?

మాస్టారు మగ్గం ముందు కూర్చున్నారు. మగ్గం పని రెండు చేతుల పని. ఒక చెయ్యి గుడ్డ పైన కొక్కెం సూదితో, రెండో చెయ్యి గుడ్డ కింద దారం అందిస్తూ ఉంటుంది. ఆ చేతులు తీస్తే కుట్టు జారిపోతుంది. ఆయన తీయలేదు. నేను ఆయన చేతులనీ మిషన్‌నీ మార్చి మార్చి చూస్తూ కూర్చున్నాను. దొంగని కాపలా కాసినట్టుందని నాకే సిగ్గేసింది. ఆయనకి అర్థమవుతూనే ఉంది, కానీ తల ఎత్తలేదు.

పొద్దెక్కింది. ఎండ కిటికీలోంచి మిషన్ మీద పడింది. పసుపు ఆరి బీటలు వారడం కనపడింది. మిషన్ అదురుడికి చిన్న చిన్న పెచ్చులు రాలుతున్నాయి. ఉన్నట్టుండి మిషన్ ఆగి, కీచుమని అరిచింది. తెర మీద దారం తెగింది అని పడింది.

దారం తెగలేదు. నేను చూస్తూనే ఉన్నాను. మాస్టారి రెండు చేతులూ మగ్గం మీదే ఉన్నాయి.

లేచి మిషన్ దగ్గరికి వెళ్ళాను. వెళ్ళేలోపే నా చెయ్యి జేబులోంచి గుడ్డ తీసేసింది. తుడవబోయి ఆగాను. అంత కష్టమైన పని నేను మళ్ళీ చెయ్యలేదు. దురద పుట్టిన చోట గోకకుండా ఉండటం లాంటిది. గుడ్డ కింద పడేసి, తుడవకుండానే ముందు మూత విప్పాను.

మధ్య సూది తాలూకు పళ్ళ చక్రం ఎర్రగా ఉంది. పళ్ళ సందుల్లో కుంకుమ, పసుపు పెచ్చులు కూరుకుపోయి ఉన్నాయి. దారం లాగి చూస్తే చక్రం తిరుగుతూనే ఉంది. కన్నుకి మాత్రం ఆ తిరగడం కనపడటం లేదు. ప్రతి శనివారం నేను వచ్చి, రోగాన్ని వెతకడానికి ముందే ఆ రోగాన్ని శుభ్రంగా తుడిచి, ఏమీ లేదమ్మా అని చెప్పి వెళ్ళిపోయాను.

"మాస్టారూ, ఒకసారి రండి" అన్నాను.

ఆయన కుట్టు ముడేసి లేచి వచ్చారు. వంగి చూశారు. సంతోషిస్తారనుకున్నాను. ఆయన మెల్లిగా, "మెకానిక్ గారూ, ఒక మాట. ఇది అమ్మగారికి చెప్పకండి" అన్నారు.

"అదేమిటండీ? మీ మీద పడిన మచ్చ పోతుంది కదా!"

"పూజ వల్ల మిషన్ ఆగిందని చెప్పాలి. ఆ చెప్పేది నేనున్న గదిలో. వినేవాళ్ళు దాన్ని ఎన్ని రకాలుగా అయినా వింటారు. దుమ్ము అని చెప్పండి. కరెంటు అని చెప్పండి. తుడిచేసి వెళ్ళిపోండి, మీకు పుణ్యం ఉంటుంది."

"ఇవాళ నా మాట నమ్మినా మళ్ళీ ఇదే వస్తుంది మాస్టారూ. వచ్చే శుక్రవారం మిమ్మల్నే అంటుంది."

"ఊరుకున్నంత ఉత్తమం లేదండీ" అన్నారు. తలుపు దగ్గరికి వెళ్ళి, ముందు గదిలో ఎవరైనా విన్నారేమోనని చూసి వచ్చారు. అన్ని వారాలలో ఆ మనిషి భయపడ్డారని నాకు తెలిసింది అప్పుడే. నాకు బాధ కలిగింది, కోపమూ వచ్చింది. ఎవరి మీద కోపమో అప్పుడు తెలియలేదు. తుడవను, చూసింది చూసినట్టు చెబుతాను అన్నాను. ఆయన నమాజుకి వెళ్ళారు. నేను మూత అలాగే తెరిచి ఉంచి కూర్చున్నాను.

ఆవిడ రెండు సంచులతో మెట్లెక్కుతూనే మిషన్ అరుపు విన్నట్టుంది, మొహం ఎర్రబడింది. "చూశారా? మళ్ళీ ఆగిందా? పట్టుకున్నారా?" అంది.

"పట్టుకున్నానమ్మా. ఇలా రా" అన్నాను.

చూసింది. వేలు పెట్టి ఆ చక్రాన్ని తాకింది. వేలికి ఎర్రగా అంటింది. ఆ వేలి వంకా, మిషన్ నుదుటి మీద సగం రాలిన బొట్టు వంకా, నా వంకా చూసింది.

"మా అమ్మ మిషన్‌కి ఊహ తెలిసినప్పటి నుంచీ పెడుతున్నాను కదండీ. ఏనాడూ ఏమీ కాలేదు."

"దానికి కళ్ళు లేవమ్మా. దీనికున్నాయి."

"మరి దారం తెగిందని చెప్పింది కదండీ ఇది? నాలుగు వారాల నుంచీ అదే చెబుతోంది."

"దానికి కనపడలేదు. కనపడనప్పుడల్లా తెగిందనుకోమని దానికి నేర్పారు."

ఆవిడ సంచులు కింద పెట్టి వాళ్ళమ్మ మిషన్ ముందున్న స్టూలు మీద కూలబడింది. నేను మాస్టారి మాట కూడా దాచలేదు. ఆయన చెప్పొద్దన్నారని చెప్పాను. అప్పుడు ఏడ్చింది. నేను కిటికీలోంచి రోడ్డు చూస్తూ నిలబడ్డాను. ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో మా ట్రైనింగ్‌లో లేదు.

మాస్టారు తిరిగొచ్చేసరికి మిషన్ నడుస్తోంది. రోజూ ముందు గదిలో అమ్మాయి ఇచ్చే టీ ఆ రోజు ఆవిడే పట్టుకొచ్చింది. "మాస్టారు గారూ" అని ఆగిపోయింది. ఆయన రెండు చేతులతో కప్పు అందుకుని, "ఫర్వాలేదమ్మా" అన్నారు. కూర్చుని పొద్దుగూకే దాకా పెళ్ళికూతురి జాకెట్టుకి పూసలు కుట్టారు. మిషన్ కుట్టిన బంగారు లత మీద ఆయన కుట్టిన ముత్యాలు. అంత బాగా కుదిరిన జాకెట్టు ఆ బొటిక్‌లో నేను మళ్ళీ చూడలేదు.

పని ముగించి, సూదులు డబ్బీలో పెట్టుకుంటూ అన్నారు.

"అమ్మా, రేపటి నుంచి నేను ఇంటి దగ్గరే కుడతాను. గుడ్డ పంపండి, చేసి పంపుతాను."

"నా మీద కోపమా మాస్టారు గారూ?"

"కోపం కాదమ్మా. ఇకమీదట ఆ మిషన్ ఎందుకు ఆగినా మీరు నా వైపు చూడకూడదని అనుకుంటారు. మీరు అలా అనుకుంటున్నారేమోనని నేను మీ వైపు చూస్తాను. ఇద్దరికీ పని సాగదు."

ఆవిడ ఎంత బతిమాలినా ఆయన వినలేదు. విసురుగా వెళ్ళలేదు, అందరికీ చెప్పే వెళ్ళారు. మగ్గం కర్రలు మోపెడ్‌కి నేనే కట్టాను. ఒక కర్ర మీద పొద్దున్న బొట్టు అలాగే ఉంది. ఆయన దాన్ని తుడవలేదు.

ఆ తర్వాత నెల తిరక్కుండానే వన్ టౌన్ నుంచి కుట్టి వచ్చిన జాకెట్ల మూటలో ఒక చిన్న పొట్లం ఉందట. విప్పితే ఒక పసుపు పట్టుగుడ్డ ముక్క, గుండ్రంగా కత్తిరించి, అంచు మడిచి కుట్టింది. నడిమధ్యన ఎర్ర దారంతో, అతి సన్నటి ఎర్రపూసలతో, నిండు కుంకుమబొట్టు. చీటీ ఏమీ లేదు. ఆవిడ ఫోను చేసి నన్ను పిలిచి, దాన్ని మిషన్‌కి ఎక్కడ అంటిస్తే ఏ కంటికీ అడ్డం రాదో అడిగింది. నేనే అంటించాను, కొలిచి మరీ.

ఇదీ ఆ కథ. మీరు పాత మిషన్ బాగు చేస్తున్నా కొత్తది బాగు చేస్తున్నా, తుడవకముందు ఒకసారి చూడండి. తెర చెప్పేది చదవండి, చదివి నమ్మే ముందు దారం పట్టుకుని చూడండి. ఇంతకు మించి నేర్పడానికి నా దగ్గర ఏమీ లేదు. మాస్టారు ఇప్పటికీ ఆవిడకి కుట్టి పంపుతూనే ఉన్నారు. బొటిక్ మెట్లు మాత్రం మళ్ళీ ఎక్కలేదు.

రిటైరయ్యే ముందు చివరి సర్వీసులకి తిరుగుతూ గుణదల కూడా వెళ్ళాను. శుక్రవారమే. ఆవిడ వాళ్ళమ్మ మిషన్‌కి పసుపు రాసి బొట్టు పెడుతోంది. కంప్యూటర్ మిషన్‌కి దణ్ణం ఒక్కటే పెట్టింది. నేను ముందు మూత విప్పి చూసి, అప్పుడు గుడ్డ తీసి మిషన్ తుడిచాను. మాస్టారి బొట్టు చుట్టూ నూనె మరకలు పడ్డాయి గానీ ఎరుపు తగ్గలేదు. అది రాలేది కాదు, తుడిచినా పోదు. అయినా అక్కడికి వచ్చేసరికి గుడ్డని పక్కకి తిప్పాను.